అప్పు సంగతి తర్వాత, ముందు ఆయన్ని న్యూరాలజిస్టుకు చూపించండి

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. పైసా పైసాకీ లెక్కచూసే మనిషి రెండేళ్లుగా మారిపోయారు. అక్కర్లేనివి కొంటున్నారు, ఎవరడిగినా డబ్బిచ్చేస్తున్నారు. కార్డులు, లోన్ యాప్‌లు కలిపి అప్పు ఏడాది జీతం దాటింది. నిలదీస్తే నవ్వి ఊరుకుంటారు. ఇల్లు తాకట్టు పెట్టి అన్నీ ఒకేసారి తీర్చేయమంటారా?

జవాబు: వద్దమ్మా. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోస్తారు? మీరు ఈ అప్పు తీర్చిన నెలకే ఆయన ఇంకో యాప్ తెరుస్తారు. దుబారా అనుకుని కోప్పడటం, ఉన్న ఇల్లు కుదవపెట్టడం చాలామంది చేసే తప్పే.

లెక్కచూసే మనిషి మారిపోయారన్నారే, నాకు భయం అక్కడే. నేను డాక్టర్ని కాను. కానీ ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అని, మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే జబ్బు ఒకటుంది. ఎక్కువగా 45-65 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మతిమరుపుతో మొదలు కాదు. ముందు పోయేది అదుపు, ఎదుటివారి బాధ పట్టే గుణం. తీపి మీద యావ, చేసిందే చేయడం, మీరు ఏడుస్తున్నా పట్టనట్టుండటం కనిపిస్తున్నాయేమో చూడండి. తేదీలు, ఫోన్ నంబర్లు గుర్తుంటాయి కాబట్టి మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలో గట్టెక్కేస్తారు, డిప్రెషన్ అనుకుని మందులు రాసినా రాస్తారు. తనలో తేడా ఆయనకు తెలియదు, అందుకే డాక్టరుతో మీరు విడిగా మాట్లాడాలి. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కు వాడే కొన్ని మందులవల్ల కూడా ఖర్చు మీద ఇలా అదుపు లేకుండా పోవచ్చు. వాడే మందుల చీటీ తీసుకెళ్లండి.

ఇక డబ్బు. మీ పేరిట ఉన్న పొదుపులోంచి ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టండి. అప్పులవాళ్లు ఎంత ఒత్తిడి చేసినా దాన్ని ముట్టుకోవద్దు. ఈ జబ్బు సంపాదించే వయసులోనే వస్తుంది. ఆయన జీతం ఆగాక, ఆయన్ని చూసుకోవడానికి మీ జీతమూ ఆగొచ్చు. మళ్లీ చెబుతున్నా, ఏడాది ఖర్చుకు సరిపడే ఈ నిధి లేకుండా ఏ బాకీ గురించీ నన్నడగొద్దు. కార్డులు ఆపించండి. ఆ యాప్‌లు ఫోన్‌లో ఉంచొద్దు, అవి అప్పులు కావు, ఊబి.

ఆయన్ని తొందరపడి ఉద్యోగం మాననివ్వకండి. కంపెనీ ఇచ్చే వైద్య బీమా కూడా దాంతోనే పోవచ్చు. కొత్త పాలసీకి వెళితే లక్షణాలు దాచొద్దు, క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. వీలునామా, పవరాఫ్ అటార్నీ గురించి ఆయనకు విషయం అర్థమవుతుండగానే లాయర్ని కలవండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడేళ్ల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీయండి. ఆయన తీరు ఏ నెలనుంచి మారిందో అందులో దొరుకుతుంది. నిర్ధారణ కాగితం చేతికొచ్చాక, అదే పట్టుకుని అప్పులవాళ్లతో వాయిదాల గురించి మాట్లాడదాం.