కీ అదిమి పట్టుకుంటేనే అక్షరం పడుతోంది, కొత్త కీబోర్డు తగిలించినా అంతే. పాతది పోయినట్టేనా?

పోలేదండి. కొత్త కీబోర్డు తగిలించినా అదే తంతు అన్నారంటే తప్పు విండోస్‌లో ఉంది. ఫిల్టర్ కీస్ అనే సెట్టింగ్ ఆన్ అయి ఉంటుంది. చేతులు వణికేవాళ్లకు ఒకే అక్షరం రెండు మూడుసార్లు పడకుండా, గబుక్కున తగిలిన కీని పట్టించుకోకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటది. వాళ్లకు మంచిదే, మనలా టకటకా కొట్టేవాళ్లకు నరకం.

దాన్ని మనలాంటివాళ్లం కావాలని ఆన్ చేయం. కుడివైపు షిఫ్ట్ కీ 8 సెకన్లు నొక్కి ఉంచితే చాలు. కడప ఏడురోడ్ల దగ్గర మా తమ్ముడి జిరాక్స్ షాపులో జరిగిందదే. ఆధార్ జిరాక్సుల కట్ట తెచ్చి కీబోర్డు మూల మీద పెట్టాడు. బీప్ మని తెర మీద ఓ పెట్టె వచ్చింది, చదవకుండా ఎస్ కొట్టేశాడు. ఇక ‘రెడ్డి’ అని కొడితే ఒక్క అక్షరమూ పడదు! ఆ టెన్షన్‌లో కొత్త కీబోర్డు కూడా కొనేశాడు పాపం.

ముందు కుడి షిఫ్ట్‌నే మళ్లీ 8 సెకన్లు పట్టుకుని చూడండి, మామూలైపోవచ్చు. కాకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిచి ఫిల్టర్ కీస్ ఆఫ్ చేయండి. విండోస్ 10 అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్ అని ఉంటుంది. అక్కడే దాని షార్ట్‌కట్ కూడా తీసేయండి, లేదంటే రేపు ఇంకో కాగితాల కట్ట పడితే మళ్లీ మొదటికొస్తుంది. షిఫ్ట్ 5 సార్లు కొడితే వచ్చే స్టిక్కీ కీస్ (షిఫ్ట్, కంట్రోల్ లాంటివి పట్టుకుని ఉండకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కే ఏర్పాటు) వేరే, దాని షార్ట్‌కట్ కూడా ఆ పేజీలోనే ఉంటుంది.