చావు, ఒంటరితనం, దాచిన నిజం: జనం పెద్దగా చూడని సినిమా ఏదైనా చెప్తారా?

ఇంట్లో చావు, ఒంటరితనం, మనసులో దాచుకున్న నిజం.. ఇలాంటి కథతో, పెద్దగా పేరు రాని చిన్న సినిమా కావాలన్నారు. నేనైతే ‘ఎ డార్క్ సాంగ్’ చూడమంటాను. 2016లో వచ్చింది. దర్శకుడు లియమ్ గావిన్‌కి అదే మొదటి సినిమా. హారర్ అని ముద్ర వేసి ఓ మూలన పడేశారు గానీ, చాలాసేపు అందులో ఉండేది ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు, అంతే.

కొడుకును పోగొట్టుకున్న సోఫియా వేల్స్‌లో ఊరికి దూరంగా పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని, సోలమన్ అనే మంత్రగాణ్ణి డబ్బిచ్చి పిలిపిస్తుంది. పుర్రెల దండలూ గట్రా ఊహించుకోకండి. రేటు మాట్లాడుకుని వచ్చి, ప్రతిదానికీ కసురుకునే మామూలు మనిషి. అబ్రమెలిన్ పేరుతో ఉన్న పాత మంత్రగ్రంథంలోని క్రతువు అది, నెలల తరబడి చేయాలి. ఇంటి చుట్టూ ఉప్పుతో గీత గీస్తాడు. పని పూర్తయ్యేదాకా ఇద్దరూ దాన్ని దాటకూడదు.

ఇదంతా ఎందుకు చేయిస్తున్నావని అతను మొదట్లోనే అడుగుతాడు. ఆమె ఒక కారణం చెబుతుంది. కాదంటే ఇంకోటి చెబుతుంది.

నేనక్కడ పాజ్ చేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నాన్న పదో రోజున పంతులుగారు గోత్రం, పేరు చెప్పించి నాతో సంకల్పం పలికించారు. ఆయన చెప్పినట్టే పలికాను. దర్భ పవిత్రం బిగుసుకుపోయి వేలు ఎర్రగా కందింది, అది బాగా గుర్తు. మనసులో మాత్రం నాన్న లేడు. ఆసుపత్రిలో ఉన్న రాత్రి పదకొండుసార్లు చేసినా ఫోన్ ఎత్తని తమ్ముడున్నాడు. ‘వాడు నైట్ డ్యూటీలో ఉన్నాడమ్మా’ అని అమ్మకు నేనే చెప్పాను. ఆవిడ ఇప్పటికీ అదే నమ్ముతోంది.

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. ఎన్నిసార్లు పెయింట్ వేసినా ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోతాయి. అందుకేనేమో, ఆ ఉప్పు గీత నాకు కాపలాలా అనిపించలేదు. లోపలున్నవాళ్లనే తినేసేలా కనిపించింది. సోఫియా దాచింది ఏమిటో నేను చెప్పను. క్రతువు ముందుకు కదలకపోవడానికి అదే కారణం అన్నంతవరకే.

లోపాలున్నాయి. మధ్యలో ఇబ్బందిపెట్టే సీన్ ఒకటుంది, తీసేసినా కథకు నష్టమేమీ లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో కూర్చుని చూసేది కాదు. చివరి పావుగంట నాకు బాగా నచ్చింది, మా ఆవిడ మాత్రం ‘ఇదేంటండీ’ అని నవ్వేసింది. యాస పట్టుకోవడం కష్టం, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

చూసి తమ్ముడికి ఫోన్ చేశాననుకునేరు. చేయలేదు.

మీ ఇంట్లో ఎవరైనా పోయి ఇంకా సంవత్సరీకం కాకపోతే మటుకు, దీన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.