‘క్లైమాక్స్ చెప్పేవు!’ ఫిర్యాదా, హెచ్చరికా?

సందేహం: మాది విశాఖపట్నం, గాజువాక. శుక్రవారం జగదాంబలో మొదటి ఆట చూసి వచ్చిన మిత్రుడొకడు మా ఫోను గ్రూపులో కథంతా విప్పేశాడు. నేనింకా చూడలేదు. ఉక్రోషంతో ‘ఒరేయ్, క్లైమాక్స్ చెప్పేవు!’ అని పెట్టాను. గ్రూపులో గుంటూరు కుర్రాడొకడు ఉన్నాడు. ‘అంతా చెప్పేశాక ఇప్పుడు చెప్పొద్దని బెదిరిస్తావేంట్రా’ అని నవ్వాడు. నేను ‘చూసీసేను’ అన్నా వాడికి నవ్వే. చూసాను, చూశాను, చూసేను వీటిలో ఏది ఒప్పు? సినిమా ‘బాగుంది’ అనాలా, ‘బావుంది’ అనాలా?

సమాధానం: మీరు రాసింది తప్పు కాదు, మీ గుంటూరు మిత్రుడు అర్థం చేసుకున్నదీ తప్పు కాదు. అవే మూడక్షరాలకి రెండు చోట్ల రెండు కాలాలు! మీ నోట ‘చెప్పేవు’ అయిపోయిన పని, అంటే చెప్పావని. కృష్ణా, గుంటూరు వైపు అది ఇంకా జరగని పని, అదీ జరగకూడని పని. ‘ఎవరితోనైనా చెప్పేవు, జాగ్రత్త’, ‘గట్టు మీద పరిగెత్తకు, పడేవు’ అంటుంటారు కదా, ఆ ‘ఏవు’ అన్నమాట. ఎదురుగా నిలబడి అంటే గొంతునిబట్టి ఇట్టే తెలిసిపోతుంది. ఫోనులో కొట్టిన మాటకి గొంతు ఎక్కడిది?

అసలు చిక్కంతా మన లిపిలో ఉంది. చెప్పినావు, చూసినాను అన్న రూపాలు రాయలసీమలో ఇప్పటికీ వినిపిస్తాయి. తెలంగాణలో ‘చూసిన’, ‘చెప్పినవ్’ అంటారు. కోస్తాలో ఆ మధ్యనున్న ‘ఇనా’ కరిగిపోయి ఒక్క అచ్చుగా మిగిలింది. అది అచ్చమైన ఆకారమూ కాదు, ఏకారమూ కాదు, రెంటికీ నడుమ పలికేది. ‘బ్యాంకు’ అన్నప్పుడు బ తర్వాత పలికేది ఇంచుమించు అదే. ఆ అచ్చుకి మన వర్ణమాలలో అక్షరం లేదు. అందుకని రాసేవాళ్ళు చేతికందినదాన్ని వాడుకున్నారు. మధ్యకోస్తావాళ్ళు దీర్ఘం ఇచ్చి ‘చెప్పావు’ అని రాశారు. పలుకు కాస్త ఏకారం వైపు ఒరిగే ఉత్తరాంధ్రవాళ్ళు ఏత్వం ఇచ్చి ‘చెప్పేవు’ అని రాశారు. మీవైపు కథకుల పుస్తకాలు తిరగేస్తే ‘వచ్చేడు’, ‘చూసేడు’ అన్న రూపాలు కొల్లలుగా దొరుకుతాయి.

నమ్మకం కలగకపోతే ‘విలన్ చాలా నచ్చాడు’ అని ఒకసారి పైకి అనండి. అందులో రెండు ‘చా’లున్నాయి. ‘చాలా’లో చా పలికేటప్పుడు నాలుక కొస పళ్ళ వెనక తగిలి, ఇంచుమించు ‘త్సా’ అని వస్తుంది. ‘నచ్చాడు’లో నాలుక అంగిలిని తాకుతుంది. చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో ఈ తేడాకి సూత్రమే చెప్పాడు. ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జలు తాలవ్యాలు, అంటే అంగిలిని తాకి పలికేవి. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔ లతో కూడినవి దంత్యాలు, అంటే పళ్ళ వెనక పలికేవి. ‘నచ్చాడు’లో ఉన్నది నిజంగా ఆకారమే అయితే ఆ లెక్కన ‘నత్సాడు’ అని పలకాలి. ఎవరూ అలా పలకరు. కాబట్టి అక్కడున్నది రాతకి మాత్రమే ‘ఆ’. (టీవీ యాంకర్లు కొందరు ‘చాలా’ని కూడా తాలవ్యంగానే పలుకుతున్నారు. వాళ్ళ దగ్గర ఈ పరీక్ష పెట్టకండి.)

‘చూశాను’లో శ రావడానికీ కారణం ఈ అచ్చే. ‘హీరో మీసాలు చూశావా?’ అన్న మాటలో మీసాలలోని సా మామూలు సా. ‘చూశావా’లో మాత్రం ఆ నడిమి అచ్చు ముందున్న స మెత్తబడి శ అవుతుంది. శ రాస్తే పక్కనున్న దీర్ఘాన్ని మామూలు ఆకారంగా చదవకూడదని గుర్తు చేసినట్టవుతుంది. అందుకే నా ఓటు ‘చూశాను’కి. ‘చూసాను’ అని రాసేవాళ్ళూ చాలామందే ఉన్నారు. దాన్ని తప్పని దిద్దను గాని, నేను రాయను. ‘చూసేను’ అని ఇంట్లో, వీధిలో, కథలో పాత్ర నోట నిశ్చింతగా అనండి. నాలుగు ప్రాంతాలవాళ్ళు చదివే రాతలో ‘చూశాను’, ‘చెప్పావు’ అంటే మీ గ్రూపులో జరిగిన గొడవ రాదు.

దీన్నిబట్టి మీ భాష తక్కువదనుకోవద్దు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలు ఊరూరా సేకరింపజేసి తెలుగునాడుని నాలుగు భాషా మండలాలుగా చూపినప్పుడు, శ్రీకాకుళం, విశాఖపట్నాలది విడిగా తూర్పు మండలమైంది. పత్రికలూ సినిమాలూ మధ్యకోస్తా మాటని ఎక్కువగా పట్టుకున్నాయి గనక అది ‘ప్రామాణికం’ అయింది. అంతకుమించిన పెద్దరికం దానికి లేదు.

ఇక ‘చూసీసేను’. నవ్వడానికి అందులో ఏమీ లేదు. గుంటూరు వైపు ‘చూసేశాను’ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ‘చూసి’కి ‘వేయు’ చేరి వకారం జారిపోయాక అక్కడ ఏకారం నిలిచింది, మీ దగ్గర ఈకారం నిలిచింది. తినీసేను, వచ్చీసేడు అన్నీ ఈ మూసలో పోసినవే. అయితే ‘చూశాను’, ‘చూసీసేను’ ఒకటే అనుకోకండి. ‘ఆ సినిమా చూశావా?’ అన్న ప్రశ్నకి ‘చూశాను’ అంటే సమాచారం. ‘చూసీసేను’ అంటే ఆ పని అయిపోయింది, మళ్ళీ టిక్కెట్టు తీయకు అని. అందుకే కాదన్నప్పుడు ‘చూడలేదు’ అనే అంటాం. జరగని పనిని ముగించేదేముంది? ‘మొదటి పాటకే హీరోయిన్ నచ్చీసింది’ అంటే ఆలోచించే వ్యవధి కూడా లేకుండా నచ్చిందని.

‘బాగుంది’, ‘బావుంది’ రెండూ ఒకటే. బాగు, ఉంది కలిసి ‘బాగుంది’ అయింది. మాట్లాడేటప్పుడు గకారం వదులై వకారమవుతుంది. రాతకి ‘బాగుంది’ మేలు. బాగాలేదు, బాగోలేదు, బాలేదు, ఏదైనా నిర్మాతకి ఒకటే.

మీరు అడగలేదు గాని, సినిమా కబుర్లలో అసలు తీర్పు చెప్పేవి చివర తగిలించే చిన్న ముక్కలు. ‘బాగుంది’కి ఒక ‘నే’ చేర్చి ‘బాగానే ఉంది’ అనండి, మెప్పులో సగం కోత పడుతుంది. ‘ఒకసారి చూడొచ్చు’లో ‘వచ్చు’ వ్యాకరణం ప్రకారం అనుమతి. బీచి రోడ్డులో ముంతమసాలా తింటూ మిత్రుడు ఆ మాట అంటే మాత్రం, ఏసీ కోసమైతే వెళ్ళమని అర్థం. ‘బాగుందట’ అన్నవాడు ఇంకా చూడలేదు, ఎవరో అన్నమాట మోసుకొచ్చాడంతే. చూసి వచ్చినవాడే ‘బాగుందట’ అంటే హాల్లో నిద్రపోయి ఉండాలి. మాటలో ‘బాగుందంట’ అని కూడా అంటారు, అదీ సరైనదే.