బీమాలో భీముడు ఉన్నాడా?

సందేహం: మా తాతగారు వకీలు. ఆయన పెట్టెలో దొరికిన పాత మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి తెలుగు చేస్తున్నాను. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడ మీద తగాదా అది. ‘సముద్ర భీమా కంపెనీ శిథిల నౌకను స్వాధీనపరచుకొనెను’ అని రాశాను. భీమాయా, బీమాయా? ‘సాల్వేజి’కి తెలుగేమిటి?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: బీమా అనే రాయండి. ఒత్తు పెడితే మాటకు గౌరవం పెరుగుతుందని మనవాళ్లకో నమ్మకం. కచ్చితాన్ని ‘ఖచ్చితం’ చేశారు. బాధను ‘భాద’ చేశారు, ఉన్నచోట ఒత్తు పీకి లేనిచోట తగిలించి మరీ. ఇప్పుడు ఎక్కడ చూసినా ‘జీవిత భీమా’.

ఈ మాట పారసీకం నుంచి ఉర్దూ, హిందీల మీదుగా మనకు వచ్చింది. పారసీకంలో ‘బీమ్’ అంటే భయం. తమాషా ఏమిటంటే, సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట పారసీకంలో ఒత్తు ఊడి ‘బ’ మిగులుతుంది. మన భ్రాత వాళ్ల బిరాదర్, మన భూమి వాళ్ల బూమ్. ఆ లెక్కన వాళ్ల బీమ్ మన ‘భీ’ ధాతువుకు చుట్టమే. భీముడూ ఆ ఇంటివాడే. ఎవణ్ణి చూస్తే భయమో వాడు భీముడు. ‘భీమాదయోఽపాదానే’ అని పాణిని ఇందుకోసం సూత్రమే చేశాడు. కాబట్టి ‘భీమా’ రాసినవాణ్ణి మరీ తిట్టలేను, తెలియక పుట్టింటికే చేరాడు. అయినా అరువు మాటను దిగిన రేవులో వినబడ్డట్టే రాయడం మర్యాద. హరవిలాసంలో శ్రీనాథుడు, వర్తకుడు అవచి తిప్పయసెట్టి సరుకులు తెచ్చిన ఓడల్ని కప్పలి, జోంగు అనే అన్నాడు. ఆ తూర్పు సముద్రాల పేర్లకు సంస్కృతం తొడగలేదు.

ఆ ‘భీ’ నుంచి పుట్టిన భయానికి ముందు ‘అ’ చేరిస్తే అభయం. మీ తీర్పుకు అసలు తాతగారు మన పాత రేవు మోటుపల్లిలో ఉన్నారు. శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించినది అభయ శాసనం. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకొని సముద్రమెక్కినవాళ్ల మీద దయతో, కట్టుబడి సుంకం తప్ప తక్కినదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అన్నాడు గణపతిదేవుడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1275లో, ఇంగ్లండు వాళ్ల వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం ఏమందో చూడండి. ఓడలోంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే సరుకు యజమాని కోసం ఏడాది మీద ఒకరోజు దాకా ఆగాలట. ఏదీ బతక్కపోతే సరుకు రాజుగారిది! మోటుపల్లికి వచ్చే సెట్టిగారికి పిల్లిని వెంటబెట్టుకొచ్చే అవసరం లేదు.

అందుకే మీ ‘స్వాధీనపరచుకొనెను’ నాకు రుచించలేదు. అది గణపతిదేవుడికి ముందటి రాజుల పని. బీమా కంపెనీ అలా కాదు. ఓడ మొత్తం పోయిందని యజమానికి డబ్బు చెల్లించి, మిగిలిన చెక్కాముక్కా మీద అతని హక్కు తాను తీసుకుంటుంది. ‘యజమాని స్థానంలో నిలిచింది’ అనండి. ‘శిథిల నౌక’ కూడా వద్దు. శిథిలమయ్యేవి గుళ్లూ కోటలూ. ఓడ పగులుతుంది. పగిలిన ఓడ అంటే జాలరికీ, జడ్జికీ తెలుస్తుంది.

ఇక సాల్వేజి. పత్రికలవాళ్ల ‘వెలికితీత’ చాలదు. ఆపదలో ఉన్న ఓడనో సరుకునో కాపాడటమూ సాల్వేజే, కాపాడినందుకు కోర్టు ఇప్పించే సొమ్మూ సాల్వేజే. ‘రక్షణ కూలి’ అందామా అంటే, కూలి పని చేసినందుకు ఇచ్చేది. ఇక్కడ ఎంత చేసినా ఏమీ దక్కకపోతే పైసా రాదు. ‘రక్షణ బహుమానం’ కొంత నయం. నేనైతే మొదటిసారి అలా చెప్పి, ఆ తర్వాత సాల్వేజి అనే ఉంచేస్తానేమో. 1891 చట్టం కింద మద్రాసు హైకోర్టులో అడ్మిరాల్టీ దావాలు, అంటే ఓడల తగాదాలు, నడిపిన వకీళ్లు ఇంటికొచ్చి కక్షిదారుకు ఏ మాటతో చెప్పేవారో! మీ తాతగారి కాగితాల అంచులు ఒకసారి చూడండి. గుమాస్తా పెన్సిలు రాతలో ఏదైనా మాట కనబడితే నాకూ రాయండి.