పిల్లలకు వంట నేర్పాలంటే పప్పుతో మొదలుపెట్టండి

మీ అబ్బాయి వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌కి వెళ్లి స్నేహితులతో గది తీసుకుంటాడు, నూడుల్స్ తప్ప ఏమీ చేసుకోడు, ఏం నేర్పాలి అని అడిగారు. మా పిల్లలిద్దరికీ, తర్వాత మా అక్క కొడుక్కీ నేర్పిన అనుభవంతో చెబుతున్నాను: ముందు పప్పు నేర్పండి. పప్పు ఉడికించడం, పోపు పెట్టడం వస్తే టమాటా పప్పు, పాలకూర పప్పు, దోసకాయ పప్పు, పప్పుచారు అన్నీ వచ్చినట్టే.

గ్లాసు కందిపప్పుకి మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్. చింతపండు రసం పప్పు మెత్తబడ్డాకే పోయాలి, ముందే పులుపు పడితే పప్పు సరిగా ఉడకదు. ఇలా కారణం కూడా చెప్పండి. ఈ వయసు పిల్లలు ‘ఇలాగే చెయ్యి’ అంటే వినరు, ఎందుకో తెలిస్తే మర్చిపోరు. పోపులో ముందు ఆవాలు, అవి చిటపటలాడాక మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, చివర్న కరివేపాకు. ఆవిరి పూర్తిగా పోనిదే కుక్కర్ మూత తియ్యకూడదని మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

తను వండుతున్నప్పుడు మీరు పక్కనే ఉండండి, గరిటె మాత్రం అందుకోకండి. తల్లులకు ఇదే కష్టం! మా అక్క కొడుకు మొదటిసారి చేసిన పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకాస్త పప్పు ఉడికించి కలపమన్నాను. అలా సరిచేసుకోవడం వచ్చాక వాడికి వంటంటే టెన్షన్ పోయింది.

ఇక ఆరోగ్యం సంగతి. నూడుల్స్ మానెయ్యమని రోజూ చెప్పే బదులు ప్యాకెట్ వెనక సోడియం ఎంతుందో చదివించండి. దాన్ని 2.5తో గుణిస్తే ఎంత ఉప్పో తెలుస్తుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఆ లెక్క తనే వేసుకోవాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని కూడా ఆ సంస్థ అంటోంది. మన ఇళ్లలో ముప్పావు కంచం అన్నమే కదా. అందుకే వారానికోసారి డబ్బులు చేతికిచ్చి రైతుబజారుకు పంపండి. తను ఏరి తెచ్చిన బెండకాయల్ని తినకుండా వదలడు.

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారు, ఆమెనూ ఇప్పుడే కలపండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్ర, తెలంగాణ రెండింట్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. పాలకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. ఇది ఇద్దరికీ చెప్పండి.

వెళ్లేటప్పుడు మూడు లీటర్ల కుక్కర్, పోపుల డబ్బా, రెండు కిలోల కందిపప్పు సర్ది ఇవ్వండి. కుక్కర్‌కి అదనంగా ఒక గాస్కెట్ కూడా పెట్టండి.