పావలా కింద చుక్క

బంగారూ,

ఫొటోలు అందాయి. మీ అమ్మమ్మ రేకుపెట్టెలో ఇన్ని నాణేలు మిగిలాయని నాకే తెలియదు. వీడియోల్లో చెప్పినట్టు లక్షలు వస్తాయా అని అడిగావు కదా, దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు నువ్వు పేర్లు పెట్టిన మూడు నాణేల గురించి మాట్లాడుకుందాం.

మొదటిది 1975 పావలా. సంవత్సరం కింద చుక్క ఉంది కాబట్టి నోయిడా టంకశాలలో, అంటే అక్కడి నాణేలు కొట్టే చోట, తయారైందన్నావు. నోయిడా టంకశాల పని మొదలుపెట్టిందే 1988లో! అది పుట్టడానికి పదమూడేళ్ల ముందు నాణేన్ని ఎలా కొడుతుంది? నీ పావలా మీద ఉన్నది ముంబయి వాళ్ల డైమండ్ గుర్తు. చేతులు మారీ మారీ నాలుగు కొసలూ అరిగిపోతే డైమండ్ చుక్కలాగే కనిపిస్తుంది. ఈ పొరపాటు నేనూ చేశాను. అలాంటి పావలాలు ఓ అరడజను ‘అరుదైనవి’ అని డబ్బాలో వేరుగా పెట్టుకుని రెండేళ్లు మురిసిపోయాను.

ముంబయికి డైమండ్, హైదరాబాదుకి నక్షత్రం, నోయిడాకి గుండ్రటి చుక్క, కలకత్తాకి ఏ గుర్తూ లేదు. ఈ నాలుగూ నువ్వు ఎలాగూ కంఠతా పట్టేసి ఉంటావు. చిక్కంతా అక్కడే. గుర్తు ఒక్కటే చదివితే చాలదు, ఏ కాలపు నాణెమో దానితో కలిపి చదవాలి. పాత హైదరాబాదు నాణేల్లో నక్షత్రానికి బదులు మధ్యకి చీలిన డైమండ్, లోపల చుక్క ఉన్న డైమండ్ కూడా కనిపిస్తాయి. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం ఉంటే అది హైదరాబాదు కాదు, బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల. ఆ ఏడు మన నాణేలు కొన్ని బయటి దేశాల్లోనూ కొట్టించారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు ఆరో జార్జి నాణేల మీద ఎల్ అక్షరం ఉంటే లాహోరు.

నువ్వు పంపిన 1919 వెండి రూపాయి వెనక వైపు అడుగున, పువ్వు కింద చిన్న చుక్క ఉందేమో చూడు. ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. అదే చుక్క 1995 రూపాయి మీద ఉంటే నోయిడా.

గుర్తు లేదు కాబట్టి కలకత్తా అని తొందరపడి రాసుకోవద్దు. నక్షత్రం అరిగిపోయి ఉండొచ్చు, ఎవరో కావాలనే గీకేసి ఉండొచ్చు కూడా. గుర్తు ఉండాల్సిన చోట నాణెం పైభాగం చుట్టుపక్కల కంటే నున్నగానో, సన్నటి గీతలతోనో ఉంటే అనుమానించు. అంకె మార్చి అమ్మేవాళ్లూ ఉన్నారు. 1939 వెండి రూపాయి చాలా అరుదు కాబట్టి 1938లో చివరి ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కే చేతివాటం వాళ్లకి కొదవలేదు. అలాంటివి భూతద్దంతో చూడకుండా కొనకు.

ఇక ఆ 1919 రూపాయి మీద రాజుగారి ముక్కు దగ్గర్నుంచి అంచు దాకా ఉన్న గీత. దాన్ని చూసి ఎందుకు టెన్షన్ పడ్డావో అర్థమైంది, కానీ గీత అయితే అచ్చు పగులు అని నిర్ణయించేయకూడదు. గోటిని మెల్లగా ఆనించి చూడు. గీత ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి దిగిందా? అచ్చు అంటే నాణేనికి తిరగేసిన రూపం. అచ్చులో పల్లం ఉన్నది నాణెం మీద మెరకవుతుంది. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం చొరబడి నాణెం మీద సన్నటి గట్టులా లేస్తుంది. లోపలికి దిగిన గీత అయితే ఆ తర్వాత ఎవరి జేబులోనో తాళంచెవి గీసింది, అంతే. పగులు అంచుకి చేరి అచ్చు ముక్కే ఊడిపోతే నాణెం అంచున బొమ్మా అక్షరమూ లేని లోహపు ముద్ద మిగులుతుంది. అది నిజంగా దాచుకోదగ్గది. అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెం దొరికితే పగులు సరిగ్గా అదే చోట ఉంటుంది, కొంచెం పెరిగి కూడా ఉండొచ్చు. నాకు ఈ సరదా అంటుకున్నది అలాంటి జత దొరికినప్పుడే.

మూడోది, 1995 స్టీలు రూపాయి మీద రెండేసిగా కనిపించే అక్షరాలు. దీన్ని ‘డబుల్ డై’ అంటూ నాకూ ఒకాయన ఒకప్పుడు మంచి ధరకే అంటగట్టాడు. అసలు డబుల్ డైలో అచ్చు తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు పడుతుంది. అందుకని రెండు రూపాలూ గుండ్రంగా, నిండుగా లేస్తాయి, అక్షరం లావెక్కుతుంది, మూలల్లో చిన్న గాటు కనిపిస్తుంది. మామూలుగా దొరికేది అది కాదు. నాణెం కొట్టే క్షణంలో అచ్చు కాస్త వదులై జారితే అక్షరం పక్క చదునుగా నొక్కుకుపోయి మెట్టులా తయారవుతుంది, అక్షరం సన్నబడుతుంది. నీ ఫొటోలో నాకు కనిపించింది ఈ మెట్టే. దానికి విలువ లేదు.

చూసే పద్ధతి కూడా మార్చుకో. ఫోను ఫ్లాష్ వేస్తే మెరకా పల్లమూ ఒక్కటైపోతాయి. టేబుల్ లైటుని పక్కనుంచి పడనిచ్చి నాణేన్ని మెల్లగా తిప్పుతూ పదింతల భూతద్దంతో చూడు. పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకి తిప్పితే వెనక బొమ్మ కూడా నిటారుగా రావాలి. బాగా వాలిపోతే అచ్చు తిరిగిందని అర్థం. కొద్దిపాటి వాలు మామూలే. బొమ్మ ఒక పక్కకి జరిగి సగం ఖాళీగా ఉంటే అది అచ్చు మధ్యలో పడని నాణెం. ఒక వైపు బొమ్మే రెండో వైపు అద్దంలోలాగా లోపలికి దిగి ఉంటే అది బ్రోకేజ్. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుని తర్వాతి బిళ్ల మీద పడితే అలా వస్తుంది. ఈ రెండూ దొరికితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. బరువు తూచే చిన్న కాటా కూడా కొనుక్కో. జార్జి వెండి రూపాయి 11.66 గ్రాములు. అరుగుదలకి కాస్త తగ్గొచ్చు కానీ తొమ్మిది పది గ్రాములు చూపిస్తే నకిలీయే.

లక్షల సంగతికి వస్తే, పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది. ముందుగా డబ్బు కట్టమన్నవాడి ఫోను పెట్టేయ్.

ఒక్కటి మాత్రం వేడుకుంటున్నాను, ఆ వెండి రూపాయిని చింతపండుతో తోమకు. మీ అమ్మకి కూడా చెప్పు, పండగకి ఇత్తడి సామాన్లతో పాటు దాన్నీ తోమేసే మనిషి. కాగితం కవర్లో పెట్టి, కవరు మీద సంవత్సరం, బరువు, గుర్తు రాయి. పక్క వెలుతురులో తీసిన కొత్త ఫొటోలు ఆదివారం లోపు పంపు, ముక్కు దగ్గరి గీత మెరకా పల్లమా అన్నది నేనూ చూడాలి.

మామయ్య