డాల్ఫిన్లను మన దేశం చట్టపరంగా ‘వ్యక్తులు’గా గుర్తించిందా?

లేదు, డాల్ఫిన్లకు మన దేశంలో వ్యక్తి హోదా ఇవ్వలేదు. వాటితో షోలు నడిపే డాల్ఫినేరియంలకు అనుమతి ఇవ్వొద్దని 2013 మేలో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, అంతే. ఇంత తెలివైన జీవుల్ని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారన్న మాట ఆ సర్క్యులర్‌లో ఉంది. నెట్‌లో తిరిగే వార్తకు మూలం అదే. హోదా అబద్ధమైనా నిషేధం నిజమే.

దాని కారణం చాలా గట్టిది. డాల్ఫిన్ గుంపుతో బతుకుతుంది, రోజూ చాలా దూరం ఈదుతుంది, తాను పంపిన శబ్దాల ప్రతిధ్వని విని దారినీ చేపల్నీ కనిపెడుతుంది. కాంక్రీటు తొట్టిలో నాలుగు గోడల మధ్య ఈ బతుకు సాధ్యం కాదు. 1990లలో చెన్నై దగ్గర ఒక పార్కుకు బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలల్లోనే చనిపోయాయి. అరగంట వినోదానికి ఇంత క్రూరత్వం ఏ రకంగానూ న్యాయం కాదు.

‘నవ్వుతూనే ఉన్నాయిగా’ అని చాలామంది అనుకుంటారు. అది నవ్వు కాదు, దవడ ఆకారం. నొప్పితో ఉన్నా ఆ మూతి అలాగే కనిపిస్తుంది. ఇక వేట అంటారా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది ఎప్పటినుంచో నేరమే.